మలయాలో జపానోడి కాలం మీద ఒక తెలుగు ఇంటి నవల రాయాలంటే: మొదటి నోట్స్ నుంచి ఆఖరి డ్రాఫ్ట్ దాకా

యుద్ధకాలం నవల అనగానే మనవాళ్ళలో చాలామంది ఒకటే ప్లాన్ వేస్తారు, అన్న దేశభక్తుడు, తమ్ముడు ద్రోహి, మధ్యలో ఏడ్చే తల్లి. ఇది వంద పేజీలు కూడా నడవదు. ఎవరు రైటో పాఠకుడికి మొదటి చాప్టర్లోనే తెలిసిపోయాక ఇంక చదవడం దేనికి? పరాయి సైన్యం కింద బతికిన ఇళ్ళలో నిజంగా జరిగింది వేరే, ఒకే పొయ్యి మీద వండుకుని తినే నలుగురు నాలుగు దార్లలో బతకాలని చూశారు, ఆ రోజుకి వాళ్ళకి తెలిసినదాన్ని బట్టి చూస్తే నలుగురి మాటా న్యాయంగానే ఉంటుంది, ఆర్నెల్లు గడిచాక అదే మాట నేరం అయ్యింది. కాబట్టి ఈ గైడ్ మొత్తంలో నేను పట్టుకుని వేలాడేది ఒక్కటే విషయం: ఏ తేదీకి ఏం తెలుసో దాంతోనే మీ పాత్ర నిర్ణయం తీసుకోవాలి. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఉదాహరణకి మలయాని తీసుకుంటున్నా, అంటే బ్రిటిష్‌వాళ్ళ కింద ఉన్న ఇప్పటి మలేషియా ద్వీపకల్పం, దాన్ని జపాన్ సైన్యం ఆక్రమించిన కాలం, 1941 డిసెంబర్ నుంచి 1945 సెప్టెంబర్ దాకా. ఫ్రాన్సో పోలండో తీసుకోవచ్చు కదా అంటారేమో. తీసుకోవచ్చు, కానీ అక్కడి ఇళ్ళ గురించి ఇప్పటికే బోలెడంత రాశారు. మలయాలో అయితే మనవాళ్ళు ఉన్నారు. విశాఖ, గంజాం జిల్లాల నుంచి, కింద చిత్తూరు వైపు నుంచి వెళ్ళి రబ్బరు తోటల్లో, కొబ్బరి తోటల్లో పనిచేసిన తెలుగు కుటుంబాలు అప్పుడు అక్కడ వేలల్లో ఉండేవి, వాళ్ళ మీద తెలుగులో వచ్చిన కథ మాత్రం బహు తక్కువ.

1. ముందు ఒక్క తోట, ఒక్క నది, ఒక్క రోడ్డు

మలయా మొత్తాన్ని చూపించాలని పెట్టుకోకండి, ఒక్క ఎస్టేట్ చాలు. నన్నడిగితే లోయర్ పెరాక్‌లో బగాన్ దాతో వైపు కొబ్బరి తోట పెట్టుకోమంటా, ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఎక్కువ. ఇంకో లాభం ఏంటంటే యుద్ధం ఆ ప్రాంతానికి తొందరగానే వచ్చేసింది. 1941 డిసెంబర్ 30 నుంచి కంపార్ దగ్గర బ్రిటిష్ సైన్యం గట్టిగా నిలబడి పోరాడింది, అయితే జపానోళ్ళు సముద్రం వైపు నుంచి పడవల్లో పెరాక్ నది ముఖద్వారం చుట్టుపక్కల దిగి వెనక నుంచి వస్తుండటంతో జనవరి 2 రాత్రికి వెనక్కి తగ్గాల్సొచ్చింది. అంటే మీ తోట జనం సైన్యాన్ని పేపర్లో చదవలేదు, ఊరి పక్కనే చూశారు లేదా ఆ మోత విన్నారు.

తోట మ్యాప్ చేత్తో గీసుకోండి. దొర బంగళా ఎక్కడ, ఆఫీసు ఎక్కడ, కూలీల లైను ఇళ్ళు ఎక్కడ, కల్లు దుకాణం, గుడి, చైనా సెట్టి కొట్టు, అన్నీ. లైను ఇళ్ళంటే పొడుగ్గా ఒకే కప్పు కింద వరసగా ఉండే గదులు, పక్క గదిలో మాట ఈ గదిలోకి వినబడుతుంది. రహస్యం దాచాల్సిన నవలకి ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదు.

2. క్యాలెండర్ గోడకి అంటించండి, ప్లాట్ తర్వాత

కథ ఆలోచించకముందే తేదీలు రాసుకోండి. నేనైతే ఇవి ముందు పెడతా:

- 1941 డిసెంబర్ 8: మలయా ఈశాన్య తీరంలోని కోటా బారులో జపాన్ సైన్యం దిగింది.
- డిసెంబర్ 10: ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే బ్రిటిష్ యుద్ధనౌకలు రెండూ మునిగాయి.
- డిసెంబర్ 11 నుంచి: పెనాంగ్ మీద బాంబులు. వారం తిరక్కుండానే అక్కడి తెల్లవాళ్ళని రాత్రికి రాత్రి పడవలెక్కించి పంపేశారు, మిగతా జనాన్ని అక్కడే వదిలేశారు.
- 1942 జనవరి 11: కౌలాలంపూర్ పడిపోయింది.
- ఫిబ్రవరి 15: సింగపూర్ లొంగిపోయింది. 17న ఫారర్ పార్క్‌లో దాదాపు 40 వేలమంది భారతీయ సైనికుల్ని విడిగా నిలబెట్టి జపానోళ్ళకి అప్పగించారు.
- 1942 ఏప్రిల్ 6: విశాఖపట్నం, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులేశాయి.
- 1943 జూలై 2: సుభాష్ చంద్రబోస్ సింగపూర్ వచ్చారు. అక్టోబర్ 21న ఆజాద్ హింద్ ప్రభుత్వం ప్రకటించారు.
- 1943 ఏప్రిల్, మే నుంచి: సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి బర్మాకి జపానోళ్ళు వేయిస్తున్న రైలు దారి పనికి తోటల నుంచి మనుషుల్ని పెద్ద ఎత్తున లాక్కెళ్ళడం, అక్కడ కలరా.
- 1944 మార్చి నుంచి జూలై: బర్మా వైపు నుంచి ఇంఫాల్ మీద జపాన్ సైన్యం, బోస్ నడిపిన ఐఎన్ఏ (ఆజాద్ హింద్ ఫౌజ్) కలిసి చేసిన దాడి.
- 1945 ఆగస్టు 15: జపాన్ లొంగుబాటు ప్రకటన. బ్రిటిష్ సైన్యం తిరిగి అడుగుపెట్టింది సెప్టెంబర్‌లో.

ఇందులో పెనాంగ్ సంగతి దగ్గర కాసేపు ఆగండి. మీ నవలలో ఇంగ్లీష్ చదువుకున్న కిరాణి ఒకడు ఉంటే, అంటే తోట ఆఫీసులో లెక్కలు రాసే గుమాస్తా, పదేళ్ళు దొరగారు దొరగారు అంటూ బతికినవాడు, దొరలు తమవాళ్ళని మాత్రం తీసుకుని చీకట్లో జారుకున్నారన్న వార్త వాడికి ఏం చేస్తుంది? వాడు జపాన్ వైపు తిరగడానికి ఉపన్యాసాలు అక్కర్లేదు, ఆ ఒక్క వార్త చాలు. లేదా అదే వార్త విని కూడా, మళ్ళీ వస్తారు, వచ్చినప్పుడు మనం లెక్కలన్నీ సరిగ్గా చూపించాలి అనుకుని దొర బంగళా తాళాలు మట్టిలో పాతిపెట్టుకునేవాడు కూడా ఉంటాడు. రెండూ నమ్మేలా ఉంటాయి.

విశాఖ బాంబుల తేదీ కూడా ఊరికే పెట్టలేదు. యుద్ధం మొదలయ్యాక ఇండియాకీ మలయాకీ మధ్య ఉత్తరాలు, డబ్బు పంపకాలు ఆగిపోయాయి. ఇక్కడివాళ్ళకి అక్కడివాళ్ళు బతికున్నారో లేదో తెలీదు. జపాన్ ఆధీనంలోని పేపర్లో ఇండియా మీద బాంబులు పడ్డాయని గొప్పగా రాస్తే, అది చదివి సంబరపడాలో, మా అమ్మ ఆ ఊళ్ళోనే ఉందే అని ఏడవాలో తెలీని మనిషి పరిస్థితి చూడండి.

3. ఇంటిని కట్టడం: ఒక్కొక్కరికీ ఒక్కో అవసరం

పాత్రలకి సిద్ధాంతాలు ఇవ్వకండి, అవసరాలు ఇవ్వండి. సిద్ధాంతం తర్వాత వాళ్ళే వెతుక్కుంటారు. నా లెక్కలో ఒక ఇల్లు ఇలా ఉండొచ్చు.

తండ్రి మేస్త్రీ, ఊరి నుంచి మనుషుల్ని తెచ్చి తోటలో పెట్టినవాడు, అందుకే ఆ కూలీలందరికీ తానే బాధ్యుణ్ణి అనుకుంటాడు, వాళ్ళ మీద పెత్తనం కూడా తనదే అనుకుంటాడు. పెద్దకొడుకు కిరాణి. చిన్నకొడుకు చెట్లెక్కి కాయలు దింపుతాడు, చదువు లేదు, కోపం ఉంది. కూతురుకి పదిహేడు, పెళ్ళి మాటలు నడుస్తుండగా యుద్ధం వచ్చిపడింది. ఇంకొక పిల్ల కూడా ఉంటుంది, చిన్నప్పుడే చైనావాళ్ళ దగ్గర తెచ్చుకుని పెంచుకున్న పిల్ల. ఇది కల్పన కాదండి, మలయాలో భారతీయ కుటుంబాలు చైనా ఆడపిల్లల్ని పెంచుకోవడం బాగా ఉన్న సంగతే, వాళ్ళు ఇంట్లో భాష మాట్లాడుతూ బొట్టు పెట్టుకుని పెరిగారు. జపాన్ సైన్యం చైనావాళ్ళని వెతికి వెతికి చంపిన రోజుల్లో, 1942 ఫిబ్రవరి, మార్చిలో, ఆ పిల్ల మొహం ఆ ఇంటికి ఎంత పెద్ద ప్రమాదమో ఆలోచించండి. తండ్రి జపాన్ ఆఫీసర్‌కి వంగి దణ్ణం పెట్టేది బహుశా ఈ పిల్ల కోసమే, చిన్నకొడుకు మాత్రం దాన్ని పిరికితనం అనుకుంటాడు.

ఇంకో మనిషిని ఊళ్ళోనే ఉంచండి. తల్లికి తమ్ముడు, పిల్లలకి మేనమామ, విశాఖ జిల్లాలోనే ఉండి మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యానికి రోడ్లు, వంతెనలు కట్టే దళంలో, చేరాడు అనుకోండి. ఆ దళాలు బర్మా యుద్ధంలో బ్రిటిష్ వైపు పనిచేశాయి. ఇటు మేనకోడలు ఐఎన్ఏలోని ఆడవాళ్ళ దళం ఝాన్సీ రాణి రెజిమెంట్‌లో చేరితే, 1944లో ఒకే సరిహద్దుకి రెండువైపులా ఒకే ఇంటి మనుషులు ఉంటారు, ఒకరు ఉన్నట్టు ఇంకొకరికి తెలీదు. ఇక్కడ మీకు చెయ్యి దురద పెడుతుంది, ఇద్దర్నీ యుద్ధభూమిలో ఎదురెదురు పెట్టేద్దాం అని. వద్దు. ఆ రెజిమెంట్‌ని మొదటి వరసలో పోరాటానికి దింపింది లేదు, అందులోనూ అలా కలపడం సినిమా. తెలీకపోవడమే ఇక్కడ కథ, 1946లో ఉత్తరం వచ్చినప్పుడు పాఠకుడికి గుండె జారితే చాలు.

4. తెలిసింది, తెలీనిది: పట్టిక వేసుకోండి

ఇది బోర్ పని, కానీ ఇది చెయ్యకపోతే నవల మధ్యలో కూలిపోతుంది. ఒక ఎక్సెల్ షీట్ తెరవండి. నిలువు వరసల్లో పాత్రలు, అడ్డ వరసల్లో నెలలు. ఒక్కో గడిలో ఆ నెలకి ఆ మనిషికి ఏం తెలుసు, ఎవరు చెప్పారు, ఆ చెప్పినదాంట్లో ఎంత అబద్ధం అని రాయండి.

1943 మే నెల చూద్దాం. సయాం వెళ్తే మూడు నెలల పనే, రోజుకి డాలరు కూలి, ఇంటికి రేషన్ వస్తుంది అని తోటల్లో చెప్పారు. ఆ నెలకి చిన్నకొడుక్కి తెలిసింది అంతే. అడవి గుడారాల్లో అదే నెల కలరా మొదలైంది, అది వాడికి తెలీదు, వాణ్ణి పంపించిన అన్నకీ తెలీదు. 80 ఏళ్ళ తర్వాత మనకి తెలుసు, ఆ రైలు 415 కిలోమీటర్లు, 1943 అక్టోబర్ 17న రెండువైపుల పట్టాలు కలిశాయి, దాదాపు 60 వేల యుద్ధఖైదీల్లో 12 వేలకి పైగా పోయారు, ఆసియా కూలీల్లో చనిపోయినవాళ్ళు 90 వేల దాకా అని ఎక్కువగా చెప్పే అంచనా. ఈ అంకెలు మీ బుర్రలో ఉంటాయి కాబట్టి తెలీకుండానే అన్న గొంతులో ముందే ఒక పశ్చాత్తాపం దూరుస్తారు. వాడి చెయ్యి వణికింది, ఏదో కీడు శంకించింది, ఇలాంటి వాక్యాలు. డ్రాఫ్ట్‌లో అవి కనబడ్డప్పుడల్లా కొట్టేయండి. వాడు మామూలుగా సంతకం పెట్టాలి, పెట్టి టీ తాగాలి.

పుకార్లకి కూడా ఒక కాలమ్ పెట్టండి. రేడియోలకి సీల్ వేశారు, షార్ట్‌వేవ్ వింటే కెంపేతాయ్, అంటే జపాన్ సైనిక పోలీసులు, పట్టుకెళ్ళేవాళ్ళు. కాబట్టి వార్త అనేదే నోటి మీద నడిచింది, కల్లు దుకాణంలో ఒకలా, గుళ్ళో ఇంకోలా.

5. రోజువారీ బతుకు, ముఖ్యంగా బియ్యం

మలయా యుద్ధానికి ముందు తినే బియ్యంలో దాదాపు మూడింట రెండొంతులు బయట నుంచే తెచ్చుకునేది, ఎక్కువగా బర్మా, సయాం నుంచి. ఓడలు ఆగిపోయాయి, బియ్యం ఆగిపోయింది. కర్రపెండలం, చిలగడదుంప తిని బతికారు. రబ్బరు కొనే అమెరికా, యూరప్ మార్కెట్లు పోవడంతో రబ్బరు తోటల్లో పని లేదు, కూలి లేదు. కొబ్బరి తోటలో కనీసం నూనె ఉంది, దీపానికి, వంటకి, సబ్బుకి, అందుకే మీ తోటలో ఆకలి రబ్బరు తోటకన్నా కొంచెం ఆలస్యంగా వచ్చినట్టు పెట్టొచ్చు, ఆ కొంచెం తేడా వల్లే చుట్టుపక్కల తోటల నుంచి బంధువులు వచ్చి మీద పడతారు, ఇల్లు ఇరుకవుతుంది, గొడవలు మొదలవుతాయి. కుటుంబం చీలడం ఇలాంటి చోట్ల మొదలవుతుంది, జెండాల దగ్గర కాదు.

బట్ట కరువు. గోనెసంచులు కట్టుకున్నవాళ్ళు ఉన్నారు. క్వినైన్ లేదు, మలేరియా ఉంది. డబ్బు చూస్తే జపానోళ్ళు అచ్చేసిన కొత్త నోట్లు, 10 డాలర్ల నోటు మీద అరటిచెట్టు బొమ్మ ఉండేది కాబట్టి జనం అరటి డబ్బు అనేవాళ్ళు, తర్వాత్తర్వాత సీరియల్ నంబర్లు కూడా లేకుండా గుద్దారు. బ్రిటిష్‌వాళ్ళు తిరిగొచ్చి ఆ నోట్లు చెల్లవన్నారు. మూడేళ్ళు కూడబెట్టిన తల్లి ఆ రోజు ఏం చేసిందో రాయండి, నాకైతే అది మొత్తం నవలలో పెద్ద సీన్లలో ఒకటి.

గడియారాలు టోక్యో టైముకి మార్చారు, గంటన్నర ముందుకి. సంవత్సరం కూడా మారింది, 1942ని పేపర్లో 2602 అని వేసేవారు. ఈ రెండు వివరాలూ చాలామంది వాడరు, నేను తప్పకుండా వాడమంటా. పొద్దు పొడవకముందే పనిలోకి గంట కొడుతుంటే, గుళ్ళో పూజారి పాత టైముకే దీపం పెడుతుంటే, ఎవరు ఎవరి మాట వింటున్నారో పాఠకుడికి చెప్పక్కర్లేదు.

6. లిస్టు సీన్: నవలకి నడుము

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చుందాం. సయాం పనికి తోటలకి కోటా వేసేవాళ్ళు, మీ తోట నుంచి ఇంతమంది కావాలని. దొరలు లేరు, జైళ్ళలో ఉన్నారు లేదా పారిపోయారు, తోట నడుపుతున్నది ఆసియా గుమాస్తాలూ మేస్త్రీలే. కాబట్టి పేర్లు ఇవ్వాల్సింది మన కిరాణి, మన మేస్త్రీ. అంటే తండ్రీ పెద్దకొడుకూ ఒక బల్ల దగ్గర కూర్చుని తమ మనుషుల్లోంచి ఎవరు వెళ్ళాలో రాయాలి.

ఈ సీన్‌ని ఒక్క చాప్టర్లో తేల్చేయకండి. మూడుసార్లు రానివ్వండి.

మొదటిసారి తేలిక. పెళ్ళికాని కుర్రాళ్ళు, తాగుబోతులు, అప్పులున్నవాళ్ళు, కొందరు తమంతట తామే డాలరు కోసం ముందుకొస్తారు. తండ్రి దీన్ని పని ఇప్పించడం అనే అనుకుంటాడు, ఎందుకంటే జీవితమంతా ఆయన చేసింది అదే, ఊరి నుంచి మనుషుల్ని ఓడెక్కించి తెచ్చాడు, ఇప్పుడు రైలెక్కిస్తున్నాడు. రెండోసారి ముందుకొచ్చేవాళ్ళు లేరు, వెళ్ళినవాళ్ళ దగ్గర్నుంచి కబురు లేదు. ఈసారి ఉచితంగా సినిమా వేస్తామని పిలిచి తలుపులేసి లారీలెక్కించిన కథనాలు ఉన్నాయి, అలాంటిది మీ తోటలో జరిగితే సినిమా ఉందని చాటింపు వేసింది ఎవరు? కిరాణికి ముందే తెలుసా? నేనైతే సగం తెలుసు అని పెడతా. సగం తెలిసిన మనిషి కన్నా రాయడానికి మంచి మనిషి లేడు. మూడోసారి లిస్టులో ఇంటి మనిషి లేకపోతే లైనుల్లో జనం ఊరుకోరు, ఇన్నాళ్ళూ మా పిల్లల్నే పంపారు మీ పిల్లాడేడీ అంటారు. చిన్నకొడుకు పేరు ఎవరు రాస్తారు? తండ్రా, అన్నా? లేక చిన్నవాడే వచ్చి నా పేరు రాసుకో అంటాడా? ఆ ఒక్క నిర్ణయం మీదే మిగతా రెండొందల పేజీలూ నిలబడతాయి, కాబట్టి మూడు రకాలుగానూ రాసి చూడండి, ఏది రాసినప్పుడు మీకే ఇబ్బందిగా అనిపిస్తుందో అది ఉంచండి.

అన్నని విలన్ చెయ్యకుండా ఉండాలంటే ఒక పని చెయ్యండి, వాడు ఆ లిస్టు వల్ల కాపాడిన పేర్లు కూడా చూపించండి. వాడు కొట్టేసిన ఒక పేరు, దాని బదులు చేర్చిన ఇంకో పేరు. కాపాడబడ్డవాడి భార్య వీళ్ళింటికి కర్రపెండలం తెచ్చిస్తుంది, పోయినవాడి భార్య పక్క గదిలోనే ఉంటుంది. ఒకే కప్పు.

7. ఐఎన్ఏ భాగం: దండలెయ్యకుండా, రాళ్ళెయ్యకుండా

మన పాఠకులకి నేతాజీ అంటే భక్తి, అందులో తప్పేం లేదు, కానీ నవలకి భక్తి సరిపోదు. మలయాలో అప్పుడు భారతీయులు 7 లక్షల పైచిలుకు, అందులో ఎక్కువమంది తోట కూలీలు. వాళ్ళు ఐఎన్ఏలో చేరడానికి కారణాలు కలగాపులగంగా ఉండేవి. నిజమైన దేశాభిమానం ఉంది, జీవితంలో మొదటిసారి ఎవరో వచ్చి నువ్వు కూలివి కాదు సైనికుడివి అన్నారు, ఆ మాట బలం తక్కువేం కాదు. తిండి ఉంది. ఐఎన్ఏ వెనకున్న భారతీయుల సంఘం ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ కార్డు జేబులో ఉంటే జపానోళ్ళ వేధింపులు తగ్గేవి. యూనిఫాం వేసుకున్నవాణ్ణి సయాం లారీ ఎక్కించరన్న ఆశ కూడా ఉంది. మీ పాత్ర ఈ నాలుగు కారణాలతోనూ ఒకేసారి చేరాలి, తను మాత్రం మొదటిదే పైకి చెప్పుకోవాలి.

కూతురు విషయం ఇంకా రిచ్‌గా ఉంటుంది. ఝాన్సీ రాణి రెజిమెంట్ క్యాంపు 1943 అక్టోబర్ 22న సింగపూర్‌లో మొదలైంది, కెప్టెన్ లక్ష్మి నాయకత్వంలో, తోటల నుంచి వచ్చిన అమ్మాయిలు చాలామంది. పదిహేడేళ్ళ పిల్లకి అది దేశం కోసం వెళ్ళడమూ అవును, లైను ఇంటి నుంచి, ఇష్టం లేని సంబంధం నుంచి బయటపడటమూ అవును. తండ్రి వద్దంటాడు, తల్లి తన గాజులు చందాగా ఇచ్చేసి కూతుర్ని మాత్రం పంపనంటుంది. 1945 ఏప్రిల్‌లో రంగూన్ నుంచి బోస్‌తో పాటు ఆ అమ్మాయిల్లో కొందరు చాలా దూరం నడిచి వెనక్కి వచ్చారు, తిరుగు ప్రయాణం రాయాలనుకుంటే అది పట్టుకోండి.

బోస్‌ని పాత్రగా పెట్టి పేజీలకి పేజీలు మాట్లాడించకండి. దూరంగా స్టేజి మీద ఉంచండి. ఆయన హిందుస్తానీలో మాట్లాడితే పక్కన తమిళంలోకి చెప్పేవాళ్ళు, మీ తెలుగు మేస్త్రీకి హిందుస్తానీ రాదు, తమిళం తోటలో నేర్చుకున్నది, కాబట్టి ఆయనకి చేరింది మూడో చేతి మాట. ఆ మూడో చేతి మాటకే చెవిపోగులు తీసిచ్చింది భార్య.

8. సమాచారం ఎక్కడ వెతకాలి

సింగపూర్ నేషనల్ లైబ్రరీ పాత పేపర్లని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది, అందులో ఆక్రమణ కాలంలో జపానోళ్ళు నడిపిన స్యోనాన్ షింబున్ కూడా ఉంది. దాన్ని వార్తల కోసం చదవకండి, వార్తలు ప్రచారమే. రేషన్ ప్రకటనలు, లాటరీ, ఉద్యోగ ప్రకటనలు, ఫలానా తేదీ లోపు సైకిళ్ళు రిజిస్టర్ చేయించుకోండి లాంటి నోటీసులు చదవండి, అబద్ధం చెప్పడానికి కారణం లేని చోట పేపర్ నిజం చెప్తుంది. సింగపూర్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆ కాలం చూసినవాళ్ళ ఇంటర్వ్యూల రికార్డింగులు ఉన్నాయి, 1980ల్లో మొదలుపెట్టి చేసినవి, గొంతులు వినండి. మన నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఐఎన్ఏ ఫైళ్ళు, విదేశాల్లో భారతీయుల ఫైళ్ళు దొరుకుతాయి, యుద్ధానికి ముందు మలయాలో భారత ప్రభుత్వ ఏజెంట్ ఏటా పంపిన రిపోర్టుల్లో కూలి రేట్లు, లైను ఇళ్ళ పరిస్థితి అన్నీ ఉంటాయి.

థాయ్‌లాండ్ వెళ్ళగలిగితే కాంచనబురి చూడండి. అక్కడ యుద్ధఖైదీల సమాధులు దాదాపు 7 వేలు, వరసగా, పేర్లతో. తోట కూలీలకి అలాంటి వరసల్లేవు, రిజిస్టర్లు కూడా సరిగ్గా లేవు. మీ నవలలో చిన్నకొడుకు ఎప్పుడు ఎక్కడ పోయాడో ఖచ్చితంగా చెప్పే కాగితం పెట్టకండి, అది చరిత్రకే అబద్ధం అవుతుంది. తిరిగొచ్చిన ఇంకో మనిషి నోటి మాట మాత్రమే ఉండాలి, ఆ మాట నమ్మాలా వద్దా అని తల్లి జీవితాంతం తేల్చుకోలేకపోవాలి.

మలేషియా తెలుగు కుటుంబాలతో మాట్లాడేటప్పుడు పెద్దవాళ్ళని నేరుగా యుద్ధం గురించి అడగొద్దు. అప్పుడు ఏం తినేవాళ్ళు, ఎవరు వండేవాళ్ళు అని అడగండి. మిగతావి వాటంతటవే వస్తాయి. పేర్లు మాత్రం నవలలో వాడొద్దు, లిస్టులు రాసినవాళ్ళ మనవలూ, లిస్టులో పోయినవాళ్ళ మనవలూ ఇప్పటికీ ఒకే ఊళ్ళో ఉండొచ్చు.

9. ఎవరు చెప్తారు, ఏ భాషలో

తాతగారి ట్రంకుపెట్టెలో మనవరాలికి డైరీ దొరకడం, దాంతో కథ మొదలవడం, దయచేసి వద్దు. చిన్నపిల్ల కళ్ళతో చెప్పడం కూడా నాకు నచ్చదు, పిల్లకి ఏమీ తెలీదు కాబట్టి రచయిత కష్టమైన నిర్ణయాలన్నిటి నుంచీ తప్పించుకుంటాడు. నలుగురి దృష్టి నుంచి మార్చి మార్చి చెప్పండి, చాప్టర్ పైన తేదీ వేయండి. ఒకే సంఘటన ఇద్దరు చెప్పినప్పుడు వివరాలు కొంచెం తేడాగా ఉండనివ్వండి, ఎవరిది నిజమో మీరు తేల్చొద్దు.

మాటల్లో ఉత్తరాంధ్ర యాస ఉంచండి, కానీ పేజీకి పది పదాలు చాలు, లేకపోతే వేరే జిల్లా పాఠకుడు అలిసిపోతాడు. "ఏటే అమ్మా, సయాం ఎల్తే మూడు నెల్లకి ఒచ్చెత్తాడంట గదా, మరేటి అలాగ కూకున్నావు" అన్నంత ఉంటే గొంతు వినబడుతుంది. కిరాణి ఆఫీసులో ఇంగ్లీష్ ముక్కలు, లైనుల్లో తమిళం, కొట్లో మలయ్, కొత్తగా నేర్పుతున్న జపనీస్ దణ్ణాలు. తండ్రి జపనీస్ తప్పుగా పలికి చెంపదెబ్బ తినడం, అదే రోజు పెద్దకొడుకు అదే మాట బాగా పలికి మెప్పు పొందడం, ఒక్క పేరాలో రాసేయొచ్చు.

ఆడవాళ్ళ మీద జరిగిన హింస గురించి ఒక్క మాట. అది జరిగింది, దాచక్కర్లేదు, కానీ ఒక మగపాత్రకి పగ పుట్టించడానికి మాత్రమే దాన్ని వాడుకుంటే పేజీ చింపేయండి.

10. 1945 ఆగస్టు తర్వాత ఆపకండి

చాలా నవలలు లొంగుబాటు రోజుతో ముగుస్తాయి. అసలు కథ ఆ తర్వాతి మూడు వారాల్లో ఉంది. జపానోళ్ళు చేతులెత్తేశారు, బ్రిటిష్‌వాళ్ళు ఇంకా రాలేదు. మధ్యలో అడవుల నుంచి ఎంపీఏజేఏ వాళ్ళు, అంటే ఎక్కువగా చైనావాళ్ళతో ఉన్న జపాన్ వ్యతిరేక గెరిల్లాలు, ఊళ్ళలోకి దిగి జపాన్‌కి సాయం చేశారన్నవాళ్ళని పట్టుకుని అక్కడికక్కడే తీర్పులు చెప్పారు. లిస్టు రాసిన కిరాణి ఇప్పుడెక్కడ దాక్కోవాలి? వాణ్ణి కాపాడగలిగింది ఆ ఇంట్లో ఒక్కరే, పెంచుకున్న చైనా పిల్ల. ఆమె మాట్లాడుతుందా? చిన్నన్నని సయాం పంపించింది వీడేనని ఆమెకి తెలుసు. మొదటి చాప్టర్లో ఆమె మొహం ఇంటికి ప్రమాదం అయితే, ఇక్కడ అదే మొహం ఇంటికి దిక్కు.

తర్వాత బ్రిటిష్‌వాళ్ళు వచ్చి ఐఎన్ఏ సైనికుల్ని తెలుపు, బూడిద, నలుపు అని వర్గాలుగా విడగొట్టారు. సింగపూర్‌లో 1945 జూలైలో పునాది వేసిన ఐఎన్ఏ స్మారకాన్ని కూల్చేశారు. బోస్ విమాన ప్రమాదం వార్త అప్పటికే వచ్చింది, కూతురు నమ్మదు. నవంబర్‌లో ఎర్రకోటలో విచారణ మొదలైతే ఇండియా అంతా ఐఎన్ఏకి జై కొట్టింది, మలయా తోటల్లో మాత్రం అదే దొరలు వచ్చి అదే బంగళాలో కూర్చున్నారు, తాళాలు దాచినవాడికి శభాష్ అన్నారు. 1946 మార్చిలో నెహ్రూ సింగపూర్ వస్తే జనం విరగబడి వెళ్ళారు. ఒకే ఇంట్లో ఒకరు ఆ గుంపులో ఉంటారు, ఒకరు తోట ఆఫీసులో జీతం రిజిస్టర్ రాస్తుంటారు, ఒకరు మద్రాస్ ఓడ టికెట్ కోసం తిరుగుతుంటారు. వీళ్ళని మళ్ళీ ఒక పీట మీద కూర్చోబెట్టి కలిపేయాలని చూడకండి.

11. డ్రాఫ్ట్ అయ్యాక

క్యాలెండర్, పట్టిక పక్కన పెట్టుకుని ఒకసారి కేవలం తేదీల కోసం చదవండి, కథ కోసం కాదు. ఎవరైనా రాబోయేది ముందే తెలిసినట్టు మాట్లాడారా, ఆ నెలకి లేని వస్తువు పొయ్యి మీద ఉందా, 1943లో ఎవరైనా జేబులోంచి పాత బ్రిటిష్ నోటు తీసి బహిరంగంగా ఖర్చు పెట్టారా, ఇవే చూడండి. రెండోసారి ప్రతి పాత్ర తరఫునా ఒక లాయర్ లాగా చదవండి, ఎవరి తరఫున వాదించలేకపోతున్నారో ఆ పాత్రకి ఇంకో సీన్ బాకీ ఉన్నారు. తర్వాత డ్రాఫ్ట్‌ని మలేషియా తెలుగువాళ్ళకొకరికి, తమిళ పాఠకుడికి ఒకరికి, వీలైతే మలేషియా చైనీస్ చరిత్ర తెలిసినవాళ్ళకొకరికి ఇవ్వండి, ముగ్గురూ మూడు చోట్ల పట్టుకుంటారు. వాళ్ళు ముగ్గురూ ఒకే సీన్ మీద గొడవపడితే ఆ సీన్ జోలికి వెళ్ళకండి, అలాగే ఉంచేయండి. ఏది చరిత్ర, ఏది మీ కల్పన అన్నది పుస్తకం చివర ఒక పేజీలో చెప్పేస్తే చాలు, ముందుమాటలో పెడితే మూడోసారి లిస్టు రాసింది ఎవరో పాఠకుడికి ముందే తెలిసిపోయే ప్రమాదం ఉంది.